ఆకురాయి కింద మాత్ర

తాళంచెవి చేయించుకున్నవాళ్ళు దాన్ని జేబులో వేసుకుని, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరుగుతారు. ముఖాన ఒక ఉత్తుత్తి నవ్వు పులుముకుని, "ఇంకో తాళం మీ దగ్గర ఉంచుకోలేదు కదా?" అంటారు. ఇరవై రెండేళ్ళుగా తాళాలమ్మ ఈ మాట వింటూనే ఉంది, విన్నప్పుడల్లా ఒంటికాలి మీద లేస్తూనే ఉంది. "మీ ఇంట్లో ఏముందో చూసి మురిసిపోవడానికి నాకు తీరికెక్కడిది? అంత అనుమానమైతే వేలు పెట్టి తెరుచుకోండి" అంటుంది. పరాయి ఇంటి తాళానికి రెండో చెవి చేసి దాచుకోవడం అన్నది ఆవిడ చేతుల మీదుగా ఒక్కనాడూ జరగలేదు. ఆవిడంటే గిట్టనివాళ్ళు కూడా ఈ మాట ఒప్పుకుంటారు.

తనని అనుమానిస్తే ఇంత రోషపడే మనిషి, తాను మాత్రం లోకంలో ఎవరినీ నమ్మదు. ఇంటి తాళం పోయింది, వచ్చి తీసిపెట్టమని ఎవరైనా పిలిస్తే, "తలుపు తీయగానే ఎదురుగా ఏం కనపడుతుందో చెప్పండి" అని ముందు అడుగుతుంది. ఓసారి ఒక పెద్దమనిషి తన ఇంటి కర్టెన్ల రంగు చెప్పలేక నీళ్ళు నమిలాడు. ఆయన్ని అరగంటసేపు ఎండలో నిలబెట్టింది. తీరా ఆయన భార్య వచ్చి చూస్తే ఇల్లు ఆయనదే. పాపం, ఆ మహానుభావుడు ఎప్పుడూ కర్టెన్ల వంక కన్నెత్తి చూడలేదు. "చూడకపోవడం కూడా తప్పే" అని తీర్పు చెప్పి మరీ తలుపు తీసింది తాళాలమ్మ.

ఆవిడ కొట్టు బస్టాండు ప్రహరీగోడకి ఆనుకుని ఉంటుంది. ఒక మంచం పడితే ఇక మనిషి పట్టడు, అంత చోటు. చెవిని కదలకుండా పట్టే, బెంచీకి బిగించిన వైసు, పక్కన చెవులు కోసే మిషను, గోడ నిండా మేకులకి వేలాడే, ఇంకా పళ్ళు కోయని ఖాళీ చెవులు. మిషను ఎంత బాగా కోసినా చివరి పని చేతిదే. ఆకురాయితో ఒక్క పిసరు అరగదీయాలి, తాళంకప్పలో పెట్టి తిప్పి చూడాలి, ఎక్కడ పట్టేస్తోందో గుర్తు చూసుకుని మళ్ళీ ఒక్క పిసరు తీయాలి. ఎక్కువ తీసేస్తే ఆ చెవి ఇక దేనికీ పనికిరాదు. తీసిన ఇత్తడిని తిరిగి అతికించే విద్య ఎవరి దగ్గరా లేదు. రాలిన పొడిని కూడా ఆవిడ పారేయదు. రేకు డబ్బాల్లో పోసి మూత బిగిస్తుంది.

కొట్టు నెత్తిన బస్టాండు వాళ్ళ లౌడ్‌స్పీకరు ఉంది. పొద్దున ఆరింటి నుంచి రెండింటి దాకా అందులో వినిపించే గొంతు ఆవిడ భర్తది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదకి వచ్చిందో, ఎవరి గొడుగు ఎక్కడ దొరికిందో ఆయన చెప్పాల్సిందే. పగలంతా మొగుడి గొంతు నెత్తి మీద మోగుతుంటే విసుగు రాదా అని ఎవరో అడిగితే, "విసుగొస్తే వస్తుంది గానీ, ఎక్కడున్నారో ఏం చేస్తున్నారో అనే అనుమానం ఉండదు" అంది.

ఆయనకి మాట స్పష్టంగా ఉండాలనే పిచ్చి ఉండేది. ఇంట్లో కూడా అదే గోల.

"ఏవండీ, ఆ తాళం ఇటివ్వండి" అని ఆవిడ అంటే ఆయన కదిలేవాడు కాదు.

"ఏ తాళం? తాళంకప్పా, తాళంచెవా?"

"తెరిచేదండీ బాబూ!"

"తెరిచేదాన్ని తాళంచెవి అంటారు. దాని మీద బతుకుతూ దాని పేరు పూర్తిగా పలకవేంటోయ్? పలికితే అరిగిపోతుందా? దానికి చెవుంది కాబట్టే చెప్పినట్టు వింటోంది. నీకు రెండున్నాయి, ఏం లాభం!"

ఈ పోట్లాట వారానికి నాలుగుసార్లు జరిగేది. ఆయన్ని ఉడికించడానికి ఆవిడ కావాలనే తాళం అనేది. అది వాళ్ళిద్దరి ముచ్చట.

రెండున్నరేళ్ళ కిందట ఒక పొద్దున ఆయన స్నానాల గది గుమ్మంలో పడిపోయాడు. ఒళ్ళంతా కొయ్యబారి, తర్వాత గిలగిలా కొట్టుకుంది. నాలుక కొరుక్కున్నాడు. లేచాక తాను పడిన సంగతే ఆయనకి తెలియదు. ఆ తర్వాత మరో మూడుసార్లు వచ్చింది. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి మూర్ఛ అన్నారు. బయట నలభై మంది వరసలో నిలబడి ఉండగా డాక్టరమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది.

"మెదడులో కరెంటు ఉన్నట్టుండి ఎక్కువైపోతోంది. ఈ మాత్ర దాన్ని తగ్గిస్తుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్క పూట కూడా మానకూడదు."

మాత్ర పనిచేసింది. మొదట్లో ఒకసారి మోతాదు పెంచారు, అంతే. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఒక్క ఫిట్ రాలేదు. ఇంకొకరైతే ఆ డాక్టరమ్మకి దణ్ణం పెట్టుకుని ఊరుకునేవాళ్ళు. తాళాలమ్మకి మాత్రం ఆ 'తగ్గిస్తుంది' అన్న మాట దగ్గర అనుమానపు పురుగు దూరింది. ఇంటికి వచ్చే కరెంటు తగ్గిస్తే ఏమవుతుంది? బల్బులన్నీ మసకబారతాయి. పాడైన బల్బు ఒక్కటే మసకబారి, మిగతావి వెలగవు కదా. మరి ఈయనలో ఏయే దీపాలు మసకబారుతున్నాయి?

చెవి స్పీకరు మీద వేసి కూర్చుంది. అనుకున్నంతా అయింది.

"ఆరో నంబరు బస్సు... మూడో... మూడో ప్లాట్‌ఫాం మీద..." మధ్యలో ఒక ఖాళీ. చిన్నదే. ఊళ్ళో ఎవరూ పట్టించుకోని ఖాళీ. తాళాలమ్మ సుద్దముక్క తీసి కొట్టు తలుపు లోపలివైపు ఒక గీత గీసింది. ఆ రోజు రెండయ్యేసరికి నాలుగు గీతలయ్యాయి. నెల తిరిగేసరికి రోజుకి పదకొండు. ఇంట్లో కూడా ఆయన నాలుక చివర మాటల కోసం తడుముకునేవాడు. గ్లాసు అనడానికి "అదే, తాగేది" అనేవాడు. మందుల షాపులో మాత్రల అట్ట రంగు మారింది. అదేమిటని నిలదీసింది.

"అదే మందమ్మా, అట్టే మారింది."

"అట్ట మార్చినవాళ్ళు లోపల ఏం మార్చారో మీకెలా తెలుసు?"

షాపువాడి దగ్గర జవాబు లేదు. జవాబు లేనివాడు దొంగేనని ఆవిడ లెక్క.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆయన అక్క వచ్చింది. తమ్ముడి ముఖం చూసి, టీ గ్లాసు పక్కన పెట్టేసి, మరదల్ని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఏంటే, మా తమ్ముడిలా బొమ్మలా అయిపోయాడు? వాడు నోరు తెరిస్తే ఆపడం మా నాన్న వల్ల కూడా అయ్యేది కాదు. ఏం పెడుతున్నావే వాడికి?"

"నేనేం పెడతాను వదినా? డాక్టరమ్మ రాసిన మాత్రే."

"అది మందు కాదే పిచ్చిదానా, మత్తు. మనిషిని సగం పడుకోబెట్టి, జబ్బు తగ్గిందంటున్నారు. పడుకున్నవాడు ఎలా పడిపోతాడు?"

వదిన మాటల్ని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడం తాళాలమ్మకి అలవాటు. ఈ ఒక్క మాటని మాత్రం లోపల పెట్టి గడియ వేసుకుంది.

ఆ వారంలోనే బస్టాండు మేనేజరు ఆయన్ని పిలిచాడు. మాట మధ్యలో ఆగిపోతుంటే జనం బస్సులు తప్పిపోతున్నారనీ, ఇంకో రెండు నెలలు చూసి, ఇలాగే ఉంటే రికార్డు చేసిన గొంతు పెట్టేస్తామనీ చెప్పాడు. ఆయన ఇంటికొచ్చి ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు. చెప్పి, భోజనం సగంలో వదిలేసి లేచాడు.

మర్నాడు పొద్దున ఆయన గుమ్మం ముందు నిలబడి జేబులు తడుముకుంటున్నాడు.

"అది... అదెక్కడ పెట్టావు?"

"ఏదండీ?"

"అదేనోయ్... తెరిచేది." నుదుటి మీద చెమట పట్టింది. రెండు వేళ్ళు గాలిలో తిప్పి చూపించాడు. "తెరిచేది!"

ఆవిడ మేకుకి ఉన్న తాళంచెవి తీసి ఇచ్చింది. ఆటపట్టించలేదు, పేరు గుర్తు చేయలేదు. ఆయన మెట్లు దిగి వెళ్ళాక గోడకి ఆనుకుని ఏడ్చింది. జబ్బు ఆయన్ని నాలుగుసార్లు పడేసి, నాలుగుసార్లూ తిరిగి ఇచ్చేసింది. ఈ మాత్ర మాత్రం మనిషిని పిసరు పిసరు చొప్పున ఎత్తుకుపోతోంది. అప్పుడావిడకి అలాగే అనిపించింది.

మాత్ర మానకూడదని కదా డాక్టరమ్మ అన్నది. సరే, మానదు. కప్పలో ఇరుక్కుంటున్న చెవిని ఎవరైనా పారేస్తారా? అరగదీస్తారు.

అలా మొదలైంది. ఆయన స్నానానికి వెళ్ళగానే అట్టలోంచి మాత్ర తీసి, అన్నిటికన్నా సన్నని ఆకురాయి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేది. మొదటి వారం అంచు మాత్రమే. పైపూత పోయి లోపలి తెలుపు కనపడేదాకా. రెండో వారం ఇంకో పిసరు. సాయంత్రం మాత్రకి కూడా అదే మర్యాద. ఆయన తలెత్తి, కళ్ళు మూసుకుని, నీళ్ళతో గుటుక్కున మింగేసేవాడు. ఊళ్ళో బస్సులన్నీ గమనించే మనిషి, నోట్లోకి ఏం పోతోందో గమనించడులే అని ఆవిడ ధైర్యం. రాలిన పొడిని చిన్న రేకు డబ్బాలో దాచింది. ఎప్పటికైనా ఎక్కడైనా పరీక్ష చేయించి, ఇదిగో మీరు పెట్టిన మత్తు అని డాక్టరమ్మ ముఖాన చూపించాలి. అది సాక్ష్యం, అందుకే ఆ డబ్బాని చేతిసంచీలోంచి బయట పెట్టేది కాదు.

నాలుగో వారానికి తలుపు మీద గీతలు తగ్గాయి. తొమ్మిది, ఆరు, మూడు. ఐదో వారంలో ఒక రోజు ఒక్క గీతా పడలేదు. పైగా స్పీకరులోంచి పాత చమత్కారం ఊడిపడింది. "రెండో ప్లాట్‌ఫాం దగ్గర ఒక నల్ల గొడుగు దొరికింది. ఊళ్ళో గొడుగులన్నీ నల్లవే కాబట్టి, అది మీది అవునో కాదో మీ అంతరాత్మని అడిగి రండి." బస్టాండంతా గొల్లుమంది. తాళాలమ్మ చేతిలో పని వదిలేసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తన అనుమానం నిజమైనందుకు ఎంత కోపం రావాలో అంత కోపమూ వచ్చింది.

ఆ సంతోషంలో ఒక చిన్న సంగతి ఆవిడ సరిగా పట్టించుకోలేదు. ఒక పొద్దున ఆయన మాత్ర నోట్లో వేసుకుని ముఖం చిట్లించాడు.

"ఇత్తడి నాకినట్టుందేంటోయ్?"

తాళాలమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడింది. "నోరు బాగాలేదేమో" అంది.

ఆయన ఆవిడ వంక కాసేపు చూశాడు. నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆవిడ ఆకురాయిని వేణ్ణీళ్ళతో కడగడం మొదలుపెట్టింది.

ఏడో వారం, పదకొండు గంటలప్పుడు, ఎవరిదో సూట్‌కేసు చెవి వైసులో బిగించి ఉంది. పైన స్పీకరు పలికింది. "తొమ్మిదో నంబరు బస్సు ఒకటో ప్లాట్‌ఫాం మీద... మీద... మీద... మీద..."

ఇది మాట దొరక్క ఆగడం కాదు. ఇది ఆగకపోవడం. ఆవిడ తలెత్తేలోగా స్పీకరులోంచి మనిషిది కాని అరుపొకటి వచ్చింది. కుర్చీ పడిన చప్పుడు, తర్వాత మైకు దేనికో ఠకఠకా కొట్టుకుంటున్న చప్పుడు. బస్టాండంతా నిశ్చేష్టమై ఆ ఠకఠకలు వింది.

ఆవిడ చెప్పుల్లేకుండా పరుగెత్తింది. మైకు గదిలో జనం మూగి ఉన్నారు. "చేతిలో ఇనుము పెట్టండి, తాళాలు పెట్టండి" అని ఎవరో అరుస్తున్నారు.

"ఇరవై రెండేళ్ళ నుంచి తాళాల మధ్యే ఉన్నాడాయన! వాటితో ఆగేదైతే ఎప్పుడో ఆగేది, జరగండి!" అని అందర్నీ తోసేసి, బల్ల దూరంగా లాగి, తల కింద ఆయన కండువా మడిచి పెట్టి, ఊపు తగ్గగానే పక్కకి ఒత్తిగిల్లజేసింది. ఆ రెండు నిమిషాలూ ఆవిడ నోరు ఒకటే మాట అంటోంది. "నేనే చేశాను, నేనే చేశాను." ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

మధ్యాహ్నానికి ఆయన తేరుకున్నాడు. కణత దగ్గర మూడు కుట్లు పడ్డాయి. ఇద్దరూ డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నారు. ఆ గది తలుపు ఎవరు వచ్చినా, ఎవరు వెళ్ళినా ధడేల్ ధడేల్ మని కొట్టుకుంటోంది.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?" అంది డాక్టరమ్మ.

"ఒక్క... ఒక్క పూట కూడా మానలేదండీ" అన్నాడాయన. అది అబద్ధం కాదు.

"ఏడాదిన్నర బాగుండి ఇప్పుడు వచ్చిందంటే మాత్ర చాలడం లేదన్నమాట. మోతాదు ఒకటిన్నర రెట్లు చేద్దాం. దానికి తోడు ఇంకోటి కూడా రాస్తాను." కాగితం ముందుకు లాక్కుంది.

తాళాలమ్మకి ఆ కలం కదలడం కనపడింది. మరికొంచెంసేపు నోరు మూసుకుని కూర్చుంటే తన తప్పు ఎవరికీ తెలియదు. సగం కూడా లోపలికి వెళ్ళని మాత్రని చాలడం లేదని చెప్పి ఒకటిన్నర చేస్తారు, పైన ఇంకోటి. అప్పుడు ఆయనకి 'తెరిచేది' అన్న మాటైనా మిగులుతుందా? చెబితే ఆయన ముందు, ఈ డాక్టరమ్మ ముందు తన బతుకేమిటి? పరాయివాళ్ళ తాళానికి రెండో చెవి చేయని మనిషి, సొంత మొగుడి మందు దొంగిలించింది.

చేతిసంచీలోంచి రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టి మూత తీసింది. తెల్లటి పొడి. అందులో అక్కడక్కడా పసుపుపచ్చగా మెరుస్తున్న ఇత్తడి నలుసులు.

"రాయకండమ్మా. మాత్ర చాలకపోవడం కాదు. నేనే అరగదీశాను. ఏడు వారాల నుంచి."

డాక్టరమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "మీరు చేసిన పనికి ఈయన ప్రాణం పోయేది, తెలుసా? ఉన్నట్టుండి తగ్గిస్తే ఆగకుండా వరసగా వస్తాయి కొందరికి. ఎందుకు చేశారు?"

"మీరు కరెంటు తగ్గిస్తుందన్నారు. ఆయన మాటలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. మత్తు ఇస్తున్నారనుకున్నాను." ఆవిడ అనుమానం మాత్రం అప్పటికీ చావలేదు. "ఇప్పటికైనా చెప్పండి. ఈ మాత్ర లోపలికెళ్ళి అసలేం చేస్తుంది?"

డాక్టరమ్మ కలం మూత పెట్టింది. తలుపు మళ్ళీ ధడేల్ మంది.

"ఆ రోజు నేనూ తొందరలో ఒక ముక్క చెప్పి పంపేశాను" అంది. "వినండి. మెదడులో ప్రతి కణానికీ కంటికి కనపడనంత సన్నని తలుపులుంటాయి. తలుపు తెరుచుకోగానే ఉప్పులో ఉండే సోడియం రేణువులు లోపలికి దూసుకొస్తాయి. అదే సంకేతం. వెంటనే ఆ తలుపు మూసుకుని, ఒక్క క్షణం సేద తీరి, మళ్ళీ తెరుచుకోవడానికి సిద్ధమవుతుంది. మాట, నడక, అన్నీ ఇలాగే. ఫిట్ వచ్చేటప్పుడు ఒక మూలనున్న కణాల తలుపులు సేద తీరకుండా టపటపా కొట్టుకుంటాయి. పక్కవాటిని కూడా రేపుతాయి."

"అయితే మాత్ర వెళ్ళి వాటికి తాళం వేస్తుందా?"

"వేయదు. తాళం వేస్తే మనిషే ఉండడు. మూసుకున్న తలుపుని ఇంకొంచెంసేపు అలాగే పట్టుకుంటుంది, అంతే."

"ఏది మంచి తలుపో, ఏది పిచ్చిపట్టిన తలుపో మాత్రకెలా తెలుస్తుంది? నాకే తెలియదు, దానికెలా తెలుస్తుంది?"

"దానికేమీ తెలియదు. అప్పుడే మూసుకున్న తలుపే దాని పట్టుకి దొరుకుతుంది. టపటపా కొట్టుకునే తలుపు మాటిమాటికీ మూసుకుంటుంది కాబట్టి మాటిమాటికీ దొరుకుతుంది. నెమ్మదిగా తెరుచుకునేది పెద్దగా దొరకదు."

తలుపు ధడేల్ మంది. తాళాలమ్మ తలెత్తి చూసింది. తలుపు దానంతటదే నెమ్మదిగా మూసుకునేందుకు పైన బిగించిన నూనె డబ్బా కింద జిడ్డు చారలు కట్టి ఉన్నాయి. నూనె కారిపోయింది. అలాంటివి ఆవిడ వందల్లో బాగుచేసింది. లోపలికి వచ్చేది రోగో దొంగో ఆ డబ్బాకి తెలియదు. నెమ్మదిగా తోసేవాళ్ళకి అడ్డం రాదు. విసురుగా తోస్తేనే లోపలి నూనె పట్టేస్తుంది. మరి నూనె సగం కారిపోతే తలుపు సగం చప్పుడు చేస్తుందా? చేయదు. కొన్నాళ్ళు బాగానే ఉన్నట్టుంటుంది. ఒకరోజు పూర్తిగా కొట్టుకుంటుంది.

"నేను నూనె తీసేశాను" అంది మెల్లగా. "కొన్నాళ్ళు బాగానే ఉందని మురిసిపోయాను."

డాక్టరమ్మ ఆ చూపు వెంటే తలుపు వైపు చూసి, అర్థమై తలూపింది.

"మరి మాటలెందుకు పోయాయి?"

"ఈ మాత్రకి ఆ ఒక్క పనే కాదు. మెదడులో రేపే రసాయనమూ ఉంటుంది, హుష్ అని అణిచే రసాయనమూ ఉంటుంది. ఇది మొదటిదాని గొంతు తగ్గిస్తుంది, రెండోదాని గొంతు పెంచుతుంది. కొందరికి ఆ హుష్ మాటలకి కూడా తగులుతుంది. కొందరికే ఎందుకో, నిజం చెప్పాలంటే ఎవరికీ పూర్తిగా తెలియదు. కానీ వేరే మాత్రలున్నాయి. మాట తడుముకుంటున్నారని ఎవరైనా ఒక్కసారి నాకు చెప్పి ఉంటే ఏడాది కిందటే మార్చేదాన్ని."

తెలియదు అన్న ఆ ఒక్క మాటతో తాళాలమ్మ జీవితంలో మొదటిసారి ఒక డాక్టర్ని నమ్మింది. అన్నీ తెలుసనే తాళాలవాడినీ ఆవిడ నమ్మదు. నమ్మిన వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. అందరినీ అనుమానించింది, అందరినీ గమనించింది, అడగాల్సిన మనిషిని ఒక్క మాట అడగలేదు.

"ఏవండీ, నన్నేమైనా అనండి" అంది భర్త వైపు తిరగకుండానే.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మాట దొరక్క కాదు.

"నాకు తెలుసు" అన్నాడు చివరికి. "ఇత్తడి రుచి వచ్చిన రోజే మాత్ర బుగ్గన దాచి, మెట్ల మీద ఉమ్మి చూసుకున్నాను. అంచు మీద నీ ఆకురాయి గీతలున్నాయి. మొదట భయమేసింది. ఈ మనిషి నన్నేం చేయాలనుకుంటోంది అనిపించింది. తర్వాత... మాటలొస్తున్నాయోయ్. గొడుగు గురించి చెబితే జనం నవ్వారు. అందుకని కళ్ళు మూసుకుని మింగేశాను. నువ్వొక్కదానివే కాదు."

ఇన్నాళ్ళూ ఒకే గదిలో ఆవిడ దొంగతనం చేస్తూ, ఆయన దొంగని చూస్తూ, ఇద్దరూ పెదవి విప్పలేదు. ఇద్దరికీ కావలసింది ఒకటే. తాళాలమ్మకి ఆయన్ని కొట్టాలనిపించింది, కాళ్ళ మీద పడాలనీ అనిపించింది. రెండూ చేయకుండా కుట్లు వేసిన చోట దూది సరిచేసింది.

డాక్టరమ్మ కొత్త కాగితం మీద వారం వారం రాసిచ్చింది. పాతదాన్ని ముందు పూర్తి మోతాదుకి తేవాలి. కొత్త మాత్ర కొంచెంకొంచెంగా ఎక్కుతుంటే పాతది కొంచెంకొంచెంగా దిగాలి. తాళాలమ్మ మూడుసార్లు చదివింది, నాలుగు ప్రశ్నలు వేసింది. అన్నిటికీ జవాబు వచ్చింది. లేచి వెళ్తూ, చేతిసంచీలోని పట్టకారు తీసి తలుపు దగ్గర ఆగింది. "ఈ డబ్బా మార్చాల్సిందే. అప్పటిదాకా దీన్ని కాస్త బిగిస్తాను, మీ చెవులు దక్కుతాయి" అంది.

మూడు నెలల పాటు ఆయన మైకు ముందు కూర్చోలేదు. మేనేజరు రికార్డు గొంతు పెట్టాడు. అది ఎక్కడా తడబడేది కాదు, అందుకే తాళాలమ్మకి దాని మీద నమ్మకం కుదరలేదు. ఈలోగా ఆవిడ ఒక రేకు పెట్టె చేసింది. మాత్రలన్నీ అందులో వేసి, బుల్లి తాళంకప్ప బిగించి, చెవి ఆయన చేతిలో పెట్టింది. ఇక నుంచి మీరే తీసుకోండి, నా చెయ్యి పడకూడదు అని ఒట్టు పెట్టుకుంది. ఆయన ప్రతి పూటా పెట్టె తెరిచి, మాత్ర తీసి, మింగే ముందు బొటనవేలితో దాని అంచు చుట్టూ ఒకసారి తడిమి చూసుకునేవాడు. ఆవిడ చూస్తూ ఉండేది. ప్రతిసారీ గుండెలో చివుక్కుమనేది, ప్రతిసారీ న్యాయమే అనిపించేది.

మళ్ళీ మైకు ముందుకి వెళ్ళాల్సిన మొదటి రోజు పొద్దున, ఆయన చొక్కా వేసుకుని పెట్టె ముందు నిలబడ్డాడు. కప్ప తీశాడు. మాత్ర అంచు తడిమాడు. తడిమి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు.

"ఇంకో..."

ఆ ఖాళీ ఎంత పెద్దదో కొలవడానికి ఆవిడకి సుద్దముక్క అక్కర్లేదు.

"ఇంకో తాళంచెవి నీ దగ్గర ఉంచుకోలేదు కదా?"

తాళం కాదు, తెరిచేది కాదు. ఒక్క అక్షరం రాలకుండా పూర్తి మాట. ఇరవై రెండేళ్ళుగా ఎవరన్నా ఒంటికాలి మీద లేచే మాట. తాళాలమ్మకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తేలలేదు. కొంగు చివర ముడి విప్పి, చిన్న ఇత్తడి చెవి తీసి ఆయన ముందు పట్టింది.

"ఉంది. చేశాను. బతుకులో మొదటిసారి. మీరెక్కడైనా పడిపోతే, మందు కోసం మీ జేబులు వెతుక్కుంటూ కూర్చోలేనని."

ఆయన దాన్ని తీసుకుని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. అంచులు తడిమాడు. తర్వాత ఆవిడ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. "అడిగానంతే."

మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, బస్టాండుకి బయల్దేరాడు.